ఓటుంది, వేసేవారేరీ?



పోలింగు రోజున ఇంటిపని తెమలక, "నా ఒక్క ఓటుతో ఏం మునిగిపోతుందిలే" అని మనలో కొందరు అనుకోవడం కద్దు. ఈ మాట మన ఇళ్ళల్లోనే కాదు, ఐరోపాలోనూ వినబడుతోంది. ఆ కథే ఈ పూట చెప్పుకుందాం.

ఫ్రాన్సులో స్త్రీలకు ఓటుహక్కు 1944లో గాని రాలేదు. అంతకు పదేళ్ళ ముందే దానికోసం వీధికెక్కి పోరాడినవారిలో లూయీజ్ వైస్ ఒకరు. హక్కు వచ్చేనాటికి ఆమెకు 51 ఏళ్ళు.

1979 జూన్‌లో తొమ్మిది దేశాల ప్రజలు తొలిసారిగా యూరోపియన్ పార్లమెంటుకు సభ్యులను నేరుగా ఎన్నుకున్నారు. జూలైలో స్ట్రాస్‌బర్గ్ నగరంలో సభ కొలువుతీరింది. అందరిలోకీ పెద్దావిడ గనుక, 86 ఏళ్ళ లూయీజ్ వైస్ తొలి సమావేశానికి అధ్యక్షత వహించారు. ఆపైన సభాధ్యక్షురాలిగా ఎన్నికైనదీ స్త్రీయే, సిమోన్ వేయ్. పదహారో ఏట ఆష్విట్జ్ శిబిరం పాలై, తల్లినీ తండ్రినీ అన్ననూ పోగొట్టుకుని బ్రతికి బయటపడ్డ మనిషి. యుద్ధాలతో కాలిన ఖండం ఇక తగవులు మాటలతో తీర్చుకోవాలనుకున్నప్పుడు, ఆ పీఠం మీద ఆమె కూర్చోవడం ఎంత సబబో చూడండి!

మరి ఓటర్ల సంగతి? ఆ మొదటిసారి నూటికి 62 మంది వేశారు. 1999 నాటికి అది సగానికి దిగువకు జారింది. 2014లో నూటికి 43 మందైనా లేరు. స్లొవేకియాలో అయితే 13 మందే!

విచిత్రమేమిటంటే, ఓట్లు తగ్గుతున్న ఆ ఏళ్ళలోనే సభకు అధికారాలు పెరిగాయి. మొదట్లో సలహా చెప్పడం, బడ్జెట్టును తిప్పికొట్టడం తప్ప దాని చేతిలో పెద్దగా ఏమీ లేదు. 1993లో అమలైన మాస్ట్రిక్ట్ ఒప్పందంతో కొన్ని రంగాల్లోనూ, 2009లో లిస్బన్ ఒప్పందంతో చాలా రంగాల్లోనూ, సభ కాదంటే చట్టం ఆగిపోయే స్థితి వచ్చింది.

అయినా జనం ఎందుకు కదలలేదు? మన ఎన్నికల్లో ఓటు వేస్తే ప్రభుత్వం మారుతుంది. అక్కడ అలా కంటికి కనబడదు. చట్టాలు ప్రతిపాదించేది కూడా సభ కాదు, కమిషన్. పార్టీలేమో సొంత దేశపు తగవులే మాట్లాడతాయి. అందుకే 1980లోనే ఇద్దరు పండితులు వీటిని రెండో తరగతి ఎన్నికలన్నారు. ఓటు తప్పనిసరి చేసిన బెల్జియంలో మాత్రం నూటికి 90 దాకా వేస్తారు.

2019లో యువతీయువకులు కదిలారు. లెక్క మళ్ళీ సగం దాటింది. 2024లోనూ నిలిచింది. సంతోషమే, కానీ మిగతా సగం ఇంకా ఇంట్లోనే ఉంది.

కట్టకుండా బీరువాలో దాచిన పట్టుచీర మడతల మీదే చివికిపోతుందని మనకు తెలుసు. 51 ఏళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న హక్కయినా అంతేనమ్మా. సెలవు.