ముందు ఎవరు వెళ్లాలి?.. రహదారి నిబంధనలపై వాహనదారుల్లో అయోమయం

కనగానపల్లి: పల్లె దారి నుంచి వచ్చే ద్విచక్ర వాహనం, ప్రధాన రహదారిపై బెంగళూరు వైపు సాగే లారీ ఒకేసారి కూడలికి చేరితే ఆగవలసింది ఎవరు? ముందుగా హారన్ మోగించినవారికే దారి అన్నది వాడుకలో స్థిరపడిన సమాధానం. చట్టం చెప్పేది వేరు. మండలంలోని మామిళ్లపల్లి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి సాగుతోంది. పాతవారు నేటికీ దీనిని ఏడో నంబరు రోడ్డుగానే వ్యవహరిస్తారు. పొలానికో, బంకుకో, బస్సు ఎక్కడానికో ఈ రహదారిని దాటక తప్పని వారికి నిబంధన తెలియకపోవడం ప్రాణాల మీదికి తెస్తోంది.

మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. 2019లో దానిని విస్తృతంగా సవరించారు. రహదారిపై ఎలా నడుచుకోవాలో వివరించే డ్రైవింగ్ నిబంధనలు 2017లో వెలువడ్డాయి. వీటి ప్రకారం ప్రధాన రహదారిలోకి ప్రవేశించే వాహనమే ఆగి, ఆ రహదారిపై సాగుతున్నవారికి దారి ఇవ్వాలి. సిగ్నల్ గానీ, బోర్డు గానీ, పోలీసు గానీ లేని సమస్థాయి కూడలిలో కుడివైపు నుంచి వచ్చే వాహనానిదే ముందు హక్కు. హిందూపురం, ధర్మవరం వంటి పట్టణాల్లో రద్దీ వేళ ఈ నియమాన్ని పాటించేవారు అరుదు. వలయాకార కూడలిలో అయితే అప్పటికే లోపల తిరుగుతున్న వాహనానికి ప్రాధాన్యం ఇచ్చి, కొత్తగా ప్రవేశించేవారు వేచి ఉండాలి.

ఎదుటి వాహనం లైట్లు వెలిగించి ఆర్పితే దాని అర్థమేమిటన్నది మరో చిక్కు. కొన్ని దేశాల్లో ‘మీరు వెళ్లండి’ అనే మర్యాదకు అది గుర్తు. ఇక్కడ మాత్రం ‘నేను వస్తున్నా, ఆగు’ అని హెచ్చరిక. ఏ అర్థంలో వాడినా లైటు వేసినంత మాత్రాన దారి హక్కు రాదు. రాత్రివేళ ఎదురుగా వాహనం వస్తుంటే లైటు కాంతిని కిందికి దించడం మాత్రం తప్పనిసరి.

ఎదురు ప్రయాణం ‘కొంచెం దూరమే’ కాదు

జాతీయ రహదారి పక్క గ్రామాల్లో అన్నింటికన్నా ప్రమాదకరమైన అలవాటు ఎదురు దిశలో వెళ్లడం. యూటర్న్ దూరంగా ఉందని, పెట్రోలు వృథా అవుతుందని, అంచున మెల్లగా వెళ్తే తప్పేముందని వాహనదారులు ప్రశ్నిస్తుంటారు. నాలుగు వరుసల రహదారిపై వచ్చే డ్రైవరు తన వైపు ఎదురుగా మరో వాహనం ఉంటుందని ఊహించడు. పైగా కారు గంటకు 80 కిలోమీటర్లు, ద్విచక్ర వాహనం 40 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వస్తే అవి 120 కిలోమీటర్ల వేగంతో దగ్గరవుతున్నట్లు లెక్క. అంటే సెకనుకు 33 మీటర్లకు పైగానే. బ్రేకు మీద కాలు వేసేలోపే దూరం కరిగిపోతుంది.

2019 సవరణ తర్వాత ఎదురు ప్రయాణాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌గానే పరిగణిస్తున్నారు. 184వ సెక్షన్ కింద తొలి నేరానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. జరిమానాతోనే పోయేది కాదు. ప్రమాదం జరిగి కేసు పరిహార ట్రైబ్యునల్‌కు వెళ్తే బాధితుడి తప్పు ఎంతో కూడా లెక్కిస్తారు. ఎదురు దిశలో వచ్చినట్లు రుజువైతే ఆ మేరకు పరిహారం తగ్గుతుంది. ఇంటిపెద్దను కోల్పోయిన కుటుంబానికి ఇది రెండో దెబ్బ. సర్వీసు రోడ్డు ఒకవైపు రాకపోకలకా, రెండు వైపులకా అన్నది అక్కడి బోర్డును చూసే నిర్ణయించుకోవాలి.

గీతలు, రంగులు

రోడ్డు మధ్య గీత తెగి తెగి ఉంటే, ఎదురుగా ఖాళీ ఉన్నప్పుడు దానిని దాటి ముందు వాహనాన్ని అధిగమించవచ్చు. గీత తెగకుండా సాగితే అధిగమించేందుకు దాటరాదు. జంట గీతలుంటే నిషేధం మరింత కచ్చితం. ఒకటి తెగిన గీత, పక్కనే ఒకటి నిండు గీత ఉన్నచోట ఎవరి వైపు ఏ గీత ఉందో దానినే పాటించాలి.

పసుపు దీపం వెలిగితే వేగం పెంచాలని చాలామంది భావిస్తారు. సురక్షితంగా ఆగలేనంత దగ్గరికి వచ్చినవారికి మాత్రమే ముందుకు వెళ్లే వెసులుబాటు ఉంది. మిగిలినవారు గీత వద్దే నిలవాలి. ఎరుపు దీపం ఉండగా ఎడమకు తిరగడం సర్వత్రా హక్కు కాదు. బోర్డు గానీ, బాణం గుర్తు గానీ అనుమతించిన చోటే ‘ఫ్రీ లెఫ్ట్’.

ఈ తికమక ఇక్కడికే పరిమితం కాదు. మన మాదిరే ఎడమవైపు నడిపే ఆస్ట్రేలియాకు వెళ్లిన తెలుగువారిని మెల్‌బోర్న్ నగరంలోని ఒక నిబంధన బెంబేలెత్తిస్తుంది. ట్రాములు తిరిగే కొన్ని కూడళ్లలో కుడికి మళ్లాలంటే ముందుగా ఎడమ అంచుకు చేరి వేచి ఉండాలి. ‘హుక్ టర్న్’ అని దానికి పేరు. అక్కడ ఆ సంగతి తెలిపే బోర్డులు ఉంటాయి. బోర్డు చూసే అలవాటు లేకపోతే ఎక్కడైనా ఇబ్బందే.

వేగం విషయంలోనూ రోడ్డును బట్టి, వాహనాన్ని బట్టి పరిమితి మారుతుంది. కేంద్రం 2018 ఏప్రిల్‌లో నిర్ణయించిన ప్రకారం విభాగిని ఉన్న నాలుగు వరుసల రహదారిపై కారుకు గరిష్ఠంగా 100, ద్విచక్ర వాహనానికి, లారీకి 80, ఆటోకు 50 కిలోమీటర్లు. అంతకు తక్కువ అంకె గల బోర్డు ఉంటే అదే చెల్లుతుంది.

వర్షంలోనో, సొరంగంలోనో వాహనం నడుపుతూ నాలుగు ఇండికేటర్లనూ వెలిగించడం మరో పొరపాటు. అలా చేస్తే మలుపు ఎటో వెనుకవారికి తెలియదు. మొరాయించి ఆగిన వాహనానికే ఆ దీపాలు ఉద్దేశించినవి. రాత్రి రోడ్డు అంచున నిలిపే లారీలకు, ట్రాక్టర్ ట్రాలీలకు నిజంగా అవి కావాలి. విచిత్రమేమిటంటే అక్కడే కనిపించవు.

లైసెన్సు సందేహాలు

సాధారణ లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో సరకు ఆటో నడపవచ్చా అన్న ప్రశ్నకు 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టత ఇచ్చింది. మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని ఆ లైసెన్సుతోనే నడపవచ్చు. ప్రత్యేక అనుమతి లేదన్న ఒక్క కారణంతో బీమా పరిహారాన్ని నిరాకరించే వాదనకు దీంతో తెరపడింది.

మైనరుకు బండి ఇస్తే 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులు లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా పడుతుంది. వాహన రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. పట్టుబడిన బాలుడికి 25 ఏళ్లు నిండే వరకు లైసెన్సు ఇవ్వరు. డిజీలాకర్, ఎంపరివాహన్‌లలో ఉన్న పత్రాలను తనిఖీలో చూపితే చాలు, కాగితం అవసరం లేదు. గడువు ముగిసిన లైసెన్సుకు గతంలో ఉన్న 30 రోజుల మినహాయింపు 2019 సవరణతో తొలగిపోయింది. ముగిసిన మర్నాటి నుంచే అది చెల్లదు. ఏడాది దాటాక పునరుద్ధరణకు దరఖాస్తు చేస్తే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు హాజరు కావాలి.