గ్యాస్ వెల్డింగ్: నాజిల్, పీడనాల ఎంపిక

ఆక్సిజన్, ఎసిటిలీన్ కలిసి మండితే సుమారు 3,100 డిగ్రీల సెల్సియస్ వేడి పుడుతుంది. ఆ వేడిలో రేకుకు ఎంత అందాలో తేల్చేది టార్చ్ కొసనున్న నాజిల్ రంధ్రం. రైలుపెట్టెలు బాగుచేసే తిరుపతి క్యారేజ్ రిపేర్ షాపులోనైనా, రోడ్డు పక్క షెడ్డులోనైనా క్రమం ఒకటే: ముందు రేకు మందం చూడాలి, దాన్నిబట్టి నాజిల్, ఆ నాజిల్‌కు తగ్గ పీడనం.

ఐటీఐల్లో నేర్పే లెక్కలో మైల్డ్ స్టీల్ రేకు 0.8 మిల్లీమీటర్లుంటే 1వ నంబరు, 1.2 ఉంటే 2, 2.4కు 5, 3కు 7 వాడతారు. ఈ పలుచని రేకులకు రెండు వాయువులూ చదరపు సెంటీమీటరుకు 0.15 కిలోల చొప్పున సరిపోతాయి. నంబర్లు తయారీదారును బట్టి మారతాయి కనుక టార్చ్‌తో వచ్చిన పట్టికనే నమ్మాలి.

చిన్న నాజిల్ పెట్టి పీడనం పెంచడం చాలా షెడ్లలో కనిపించే చెడ్డ అలవాటు. మంట గట్టిగా ఊది, కరిగిన లోహాన్ని చెదరగొడుతుంది. అతుకు లోపలిదాకా పట్టదు. పెద్ద నాజిల్‌కు పీడనం చాలకపోతే మంట టప్‌మని పేలి వెనక్కి తంతుంది. గొట్టాలకు ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు తప్పనిసరిగా ఉండాల్సింది అందుకే.

గొట్టంలోకి వదిలే ఎసిటిలీన్ పీడనం ఎప్పుడూ చదరపు సెంటీమీటరుకు 1 కిలో దాటకూడదు. ఆపైన ఆ వాయువు తనంతట తానే విచ్ఛిన్నమై పేలగలదు. తిరుపతి ఎండలు 40 డిగ్రీలు దాటే వేసవిలో మెరూన్ రంగు ఎసిటిలీన్ సిలిండరును నీడలో, నిటారుగానే నిలపాలి.