మానసిక ఒత్తిడి - బరువు తగ్గుదల

మానసిక ఒత్తిడి, దిగులు మనిషి ఆకలిని, నిద్రను మార్చి బరువు తగ్గే ప్రయత్నాలకు ఆటంకమవుతాయి. ఒత్తిడి చాలాకాలం కొనసాగినపుడు అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును అధికంగా స్రవించవచ్చు. దీని వలన తీపి, నూనె పదార్థాలపై కోరిక పెరుగుతుంది. కొందరిలో మాత్రం దిగులు ఆకలిని చంపుతుంది.

నిద్ర ప్రభావం కూడా తక్కువేమీ కాదు. 2004లో షికాగో విశ్వవిద్యాలయం ప్రచురించిన పరిశోధనలో రెండు రాత్రులు 4 గంటలే నిద్రించిన యువకులలో ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది, కడుపు నిండిందని తెలిపే లెప్టిన్ 18 శాతం తగ్గింది. అయితే ఇందులో పాల్గొన్నవారు 12 మందే.

భూపాలపల్లి సింగరేణి బొగ్గుగనులలో పని షిఫ్టులలో సాగుతుంది. రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రించే కార్మికునికి "రాత్రి పొద్దుపోయాక తినవద్దు" అనే సలహా అక్షరాలా వర్తించదు. అతని బరువు తగ్గకపోవడాన్ని నోటి చాపల్యంగా భావించడం సరికాదు; ముందుగా నిద్రవేళలను, భోజనవేళలను విచారించాలి.