సంకరసంతానము - మావి

కంచరగాడిద మగ గాడిదకును ఆడ గుఱ్ఱమునకును పుట్టిన సంతానము. కొండదారులలో బరువు మోయుటకు దానికి సాటియైన జంతువు అరుదు. కాని దానికి పిల్లలు కలుగుట మిక్కిలి అపూర్వము. ఈ సంగతి ప్రాచీనులు ఎరుగుదురు. కంచరగాడిద గర్భము దాల్చుట దాని చావునకే యను ఉపమానము మన సంస్కృత వాఙ్మయమున పలుమారు వచ్చును. గ్రీకు దేశమున అరిస్టాటిలు క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దిలోనే దీని వంధ్యత్వమునకు కారణమేమని చర్చించెను. మరల పిల్లలను కనగల సంతానమును ఇచ్చునట్టి జంతువులే ఒక జాతి యని 18వ శతాబ్దిలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బుఫాన్ నిర్వచింపగా, దానికి కంచరగాడిదయే నిదర్శనమైనది.

20వ శతాబ్దిలో కణశాస్త్రము దీనికి ఒక సమాధానము చెప్పినది. గుఱ్ఱమునకు క్రోమోసోములు 64, గాడిదకు 62, కంచరగాడిదకు 63. ఇవి సరిగా జతకూడవు గనుక బీజకణములు ఏర్పడవు. ఇది పుట్టిన సంకరసంతానము గొడ్డుపోవుటకు కారణము. కాని రెండు జాతుల కలయికలలో పెక్కు అసలు పుట్టుక వరకే రావు. వాటిని కడుపులోనే అడ్డగించునది ఏది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు శాస్త్రజ్ఞులు మావిని చేరిరి.

ప్రసవమైన వెనుక పాతిపెట్టెడు మావిని తల్లి శరీరములోని భాగముగా మనము తలచుట కద్దు. నిజమునకు అందులో అధికభాగము శిశువుది. అనగా దానిలో సగము తండ్రి వారసత్వము. తల్లి రక్తము నుండి ఆహారమును, ప్రాణవాయువును గ్రహించి శిశువునకు అందించు ఈ అవయవము, తల్లి గర్భమున నాటుకొనిన పరాయిది.

1930లో కాలిఫోర్నియాలో కోల్, హార్ట్ అను ఇరువురు, చూలుతో నున్న గుఱ్ఱపు రక్తమున ఒక విశేషమైన హార్మోనును కనుగొనిరి. కడుపులో కంచరగాడిద పిల్ల యున్నచో ఆ హార్మోను చాల తగ్గును. ఆడ గాడిద మగ గుఱ్ఱము వలన చూలు దాల్చినచో, అది మామూలు గాడిద చూలులో కంటె మిక్కిలి హెచ్చును. తల్లి శరీరములోని హార్మోనును తండ్రి జాతి ఎట్లు శాసింపగలదు? 1972లో కేంబ్రిడ్జిలో అలెన్, మూర్ అనువారు దీని మర్మము విప్పిరి. ఆ హార్మోనును తయారుచేయునవి తల్లి కణములు కావు. పిండపు పొర నుండి బయలుదేరి గర్భాశయమున చొచ్చుకొనిన కణములు.

అమెరికాలో డాసన్ అను ఆచార్యుడు రెండు జాతుల అడవి ఎలుకలను కలిపి 1965లో తన ఫలితములను ప్రకటించెను. డీర్ మౌస్ అనునదొకటి, ఓల్డ్‌ఫీల్డ్ మౌస్ అనునది రెండవది. తల్లి డీర్ మౌస్ అయినచో పిల్లలు చిన్నవి, కాని బ్రతుకును. తల్లిదండ్రులు తారుమారైనచో పిండము విపరీతముగా పెరుగును. పెక్కు పిల్లలు పుట్టకయే నశించును. మావి పరిమాణమును కూడ కొలిచి చూడగా, మొదటి కలయికలో అది చిన్నదనియు, రెండవదానిలో మితిమీరినదనియు 1970లో తేలినది. రెండింటను కలిసిన జాతులు అవే; తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్నదే భేదము.

1984లో కేంబ్రిడ్జిలో సురానీ బృందమును, అమెరికాలో మెక్‌గ్రాత్, సోల్టర్ అనువారును, వేరువేరుగా, చుంచెలుక అండములపై ప్రయోగములు చేసిరి. తల్లి వారసత్వము మాత్రమే ఉన్న అండమున పిండము కొంతవరకు ఏర్పడినను మావి కృశించెను. తండ్రిది మాత్రమే ఉన్నచో మావి పెరిగినది, పిండము సాగలేదు. కొన్ని జన్యువులు తండ్రి నుండి వచ్చిననే పనిచేయును, మరికొన్ని తల్లి నుండి వచ్చిననే పనిచేయును అని దీనివలన స్పష్టమైనది. తండ్రి జన్యువులు ఈ ఒక్క శిశువునకు అధిక పోషణ కోరుననియు, తల్లివి ముందు పుట్టబోవు పిల్లలకై కొంత మిగుల్చుననియు హేగ్ అను శాస్త్రజ్ఞుడు భావించెను. ఒక జాతిలో ఈ రెండు శక్తులు తూకము కుదిరి యుండును. వేరుపడిన జాతులలో తూకపురాళ్ళే మారిపోవును. పైన చెప్పిన అమెరికా ఎలుకల సంకరములలో ఈ జన్యువుల కట్టుబాటు చెదరినదని 1998లో పరిశోధకులు చూపిరి.

వేరుపడిన రెండు కప్పజాతులు సగటున 2 కోట్ల సంవత్సరముల పిదప కూడ సంకరసంతానమును ఇయ్యగలవనియు, క్షీరదములు 20, 30 లక్షల సంవత్సరములలోనే ఆ శక్తిని కోల్పోవుననియు 1974లో కాలిఫోర్నియాలోని విల్సన్ బృందము అంచనా వేసినది. కప్పకు మావి లేదు. దాని గ్రుడ్డు నీటిలో తనంత తాను పెరుగును. క్షీరదములలో జాతుల గట్టు త్వరగా ఏర్పడుటకు మావిలోని ఈ తూకము ఒక ప్రబల కారణమని పలువురి మతము. క్రోమోసోములు, ప్రవర్తన, నివాసము మొదలగు ఇతర కారణములును కలవు.

ఆ గట్టు పడకముందే కలిసినవారి కథ మనదే. 2010లో పేబో బృందము నియాండర్తల్ మానవుల జన్యుసంపుటిని చదివి, ఆఫ్రికాకు వెలుపలి ప్రజలందరిలోను వారి అంశ నూటికి ఇంచుమించు 2 పాళ్ళున్నదని తేల్చినది. తెలుగువారమైన మనకును అది కలదు. మన పూర్వులును వారును వేరుపడి అప్పటికి 5 లక్షల సంవత్సరములు దాటినవి. అయినను ఎన్నడో కొందరు తల్లుల గర్భములలో మావి ఆ పరాయి వారసత్వమును భరించి, పిల్లలను భూమి మీదికి పంపినది. వారి సంతతివారమే మనము. నెలలు నిండిన వెనుక మనము మట్టిలో పాతిపెట్టు ఆ పదార్థము, జాతుల హద్దులు గీయు పనిలో అంతటి భాగము కలది.