నోటు తిరగరాయడం

"అప్పుచేసి పప్పుకూడు" అని సినిమాకి సరదాగా పేరు పెట్టారుగాని, మన పల్లెల్లో చాలామంది అప్పు చేసింది పప్పుకూటి కోసం కాదు. విత్తనాలకీ, ఎడ్లకీ, పిల్ల పెళ్ళికీను.

ప్రామిసరీ నోటుకి చట్టప్రకారం ఆయుష్షు మూడేళ్ళు. ఈలోగా బాకీ తీరకపోతే వడ్డీని అసల్లో కలిపి నోటు తిరగరాసేవారు. నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకుని లెక్కవేయండి. వంద కాస్తా మూడేళ్ళకి 172, ఆరేళ్ళకి దాదాపు 296! కొత్తగా ఒక్క రూపాయి ఇంట్లోకి రాకుండానే.

1938లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం రైతుల రుణభారం తగ్గించే చట్టం తెచ్చింది. ఎన్నిసార్లు తిరగరాసినా మొదట ఇచ్చిందే అసలన్నారు. పాత బాకీల్లో అసలుకి రెట్టింపు ముట్టిందా, ఇక చెల్లు. కోస్తా, సీమ జిల్లాల్లో ఎన్ని ఇళ్ళు ఊపిరి పీల్చుకున్నాయో! అయినా 1951-52లో రిజర్వు బ్యాంకు సర్వే చేయిస్తే, దేశంలో రైతులు తెచ్చుకున్న అప్పుల్లో సుమారు 70 శాతం వడ్డీవ్యాపారులదే. సహకార సంఘాలది మూడు శాతం.

ఈ లెక్కల్లో కనబడనిది ఒకటుంది. నోటుమీద సంతకం మగవాడిది, తాకట్టుకి వెళ్ళేది ఆడదాని నానుతాడు. మెళ్ళో పసుపుకొమ్ముతో మా అమ్మమ్మ పేరంటాలకి వెళ్ళడం మానేసిందట. "ఒంట్లో బాగాలేదని చెప్పేదాన్నే" అనేది. ఎలా బాగుంటుంది, కంటికి నిద్ర ఉంటేగా!

2010 నాటికి సంతకమూ ఆడవాళ్ళదే అయింది. సూక్ష్మరుణ సంస్థలకి వారం వారం వాయిదాలు. ఒకరు కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్ళ మెడకి. ఆత్మహత్యల వార్తలు వచ్చాక ఆ అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వాయిదా నెలకోసారి, వసూలు పంచాయతీ కార్యాలయంలాంటి నలుగురూ తిరిగే చోట, ఇంటి ముందు కాదు. ఆ షరతు రాసినవారెవరోగాని, గుమ్మంలో నిలబడ్డ అప్పులవాణ్ణి ఎరిగినవాళ్ళే అయివుంటారు.