ఎన్‌షాద

పోర్చుగీసులో ‘ఎన్‌షాద’ అంటే పార. బాడిసకు లాటిన్‌లో ఉన్న ‘అస్కియా’ అనే మాట దీనికి మూలం. మొజాంబిక్‌లో 1992లో అంతర్యుద్ధం ముగిసింది గానీ, తుపాకులు పల్లెల్లోనే ఉండిపోయాయి. 1995లో బిషప్ దినిస్ సెంగులానె చొరవతో అక్కడి క్రైస్తవ మండలి ‘ఆయుధాలను ఎన్‌షాదలుగా మార్చడం’ అనే పథకం పెట్టింది. కత్తులను నాగటి కర్రులుగా సాగగొట్టాలన్న బైబిలు ఊహే అది. కాకపోతే అక్కడి చిన్నరైతు చేతిలో ఉండేది నాగలి కాదు, పార! తుపాకి తెచ్చినవారికి పారలు, కుట్టుమిషన్లు, సైకిళ్లు ఇచ్చారు. పేరులో మార్పు అన్నా, ఆ తుపాకుల ఇనుముతో పారలేమీ చేయలేదు. తుపాకులను ముక్కలు కోసి శిల్పులకిచ్చారు. కెస్టర్ అనే శిల్పి 2001లో వాటితో చేసిన సింహాసనాన్ని బ్రిటిష్ మ్యూజియం కొనుక్కుంది. మొజాంబిక్ జాతీయ జెండా మీద మాత్రం ఏకే-47, ఎన్‌షాద రెండూ ఇప్పటికీ జోడుగానే ఉన్నాయి.