తూము కొలత: ఏపీఐ పరిమితుల పుట్టుపూర్వోత్తరములు

తెనాలి చూచినవారికి ఊరి నడుమ పారు కాలువలు గుర్తుండును. బెజవాడ వద్ద కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఆ నీరు డెల్టా పొలములకు అందుచున్నది. కాలువనుండి పంటబోదెలోనికి నీరు విడుచు తూమునకు కొలత యుండును. తూము పెద్దది చేయుడని అడుగు రైతు తన పొలమును చూచుకొనును. అధికారి రేపల్లె వైపు, కాలువ చివరనున్న పొలమును గూడ చూడవలెను.

కంప్యూటరు లోకమున నేడు ఇదే తగవు మరియొక రూపమున నడచుచున్నది. ఒక ప్రోగ్రాము వేరొక సంస్థ కంప్యూటరును సమాచారము అడిగి తెచ్చుకొనుటకు ఏర్పరచిన ద్వారమునకు ఏపీఐ అని పేరు. సెల్‌ఫోనులో వాన సూచన చూపు యాప్ తానుగా మేఘములను చూడదు. ఇట్టి ద్వారమును తట్టి అడుగును. ఒక్కొక్కరు నిమిషమునకో, దినమునకో ఇన్నిసార్లు మాత్రమే అడుగవలెనని సంస్థలు హద్దు విధించును. దీనిని రేట్ లిమిట్ అందురు. ఆ హద్దు పెంచుడని యాప్ తయారుచేయువారు అర్జీ పెట్టుకొందురు. అర్జీకి వెంటనే ఒప్పుకొనకపోవుటకు డబ్బు ఒక కారణమే గాని, దాని వెనుక నూరేండ్లు దాటిన గణితము గూడ ఉన్నది.

కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో టెలిఫోను పిలుపులకు సంభావ్యతా సిద్ధాంతమును అన్వయించి వ్యాసము ప్రకటించెను. వరుసలో నిలుచువారి గణితము అక్కడినుండి పెరిగినది. అందలి సులభమైన లెక్క యొకటి చూతము. ఒక సర్వరు సెకనుకు సగటున 100 అభ్యర్థనలు తీర్చగలదనుకొందము. అవి క్రమము లేక యాదృచ్ఛికముగా వచ్చుచుండును. సెకనుకు 50 వచ్చినచో, వేచియుండుటతో కలిపి ఒక్కొక్కటి తీరుటకు పట్టు సగటు కాలము 1/(100−50), అనగా 0.02 సెకను. 90 వచ్చినచో 0.1 సెకను. 99 వచ్చినచో ఒక సెకను! రద్దీ పదవవంతు పెరుగగా ఆలస్యము పది రెట్లయినది. 100 చేరినచో వరుసకు అంతే లేదు. తరగతిలో దీని గ్రాఫు గీసిన విద్యార్థులు సూత్రము మరచినను ఆ వంపును మరువరు.

గణితము చెప్పినది 1986 అక్టోబరులో కంటికి కనబడెను. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణమునకును దూరము 400 గజములు. వాని నడుమ సమాచార వేగము సెకనుకు 32,000 బిట్లనుండి 40 బిట్లకు పడిపోయెను. జవాబు రాలేదని ప్రతి యంత్రమును పంపినదానినే మరల మరల పంపుటవలన రద్దీ ముదిరినది. జవాబు రానిచో పంపు వేగము తగ్గించుకొనవలెనని వాన్ జేకబ్సన్ 1988లో ప్రకటించిన వ్యాసమున చూపెను.

అర్జీల చరిత్రలో ట్విట్టరు కథ చెప్పదగినది. ఆ సంస్థ 2006లో ఏపీఐను తెరచెను. ఎక్కువ అడుగవలసినవారు అర్జీ పెట్టి, ఆమోదము పొందినచో గంటకు 20,000 అభ్యర్థనలు పంపుటకు వీలుండెడిది. 2011 ఫిబ్రవరిలో క్రొత్త అర్జీలకు ఆ వసతి నిలిపివేసిరి. ముందు వచ్చినవాడు కాలువ మొదట, వెనుక వచ్చినవాడు కాలువ చివర. ఇందు న్యాయము తక్కువని నా అభిప్రాయము. 2012 ఏప్రిలులో, హద్దు మీరినవానికి చెప్పవలసిన జవాబునకు ‘429’ అను సంఖ్య ప్రమాణముగా ఏర్పడెను. ఎంతసేపు ఆగి మరల అడుగవలెనో దానితో పాటు తెలుపవచ్చును.

2003లో మొదలైన తెలుగు వికీపీడియా పద్ధతి నాకు నచ్చినది. అచ్చట మామూలు సభ్యుని ప్రోగ్రాము ఒక్క అభ్యర్థనలో 50 పుటల పేర్లు పంపవచ్చును. బాటు హోదా పొందినది 500 పంపవచ్చును. హోదా కావలెనన్న, ఏ పనికో చెప్పి తోటి సభ్యులను అడుగవలెను. 10,000 గ్రామపుటలను ఒక్కొక్కటిగా అడిగినచో 10,000 అభ్యర్థనలు. ఏబదేసి చొప్పున 200. బాటునకు 20 చాలును. పదివేలనుండి రెండువందలకు దిగుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు!

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినది. కుప్పలు వేయని వరి పనలు పొలములలోనే తడిసిపోయినవి. అటుపిమ్మట మా విద్యార్థులిద్దరు 200 డెల్టా గ్రామములకు వాన సూచన తెలుపు యాప్ వ్రాసిరి. సమాచారమిచ్చు సంస్థ దినమునకు 1,000 అభ్యర్థనలకు మాత్రమే ఒప్పుకొనును. వీరి ప్రోగ్రాము పావుగంట కొకసారి అడుగుచు 19,200 పంపబోయి, ఉదయమే 429 తెచ్చుకొనెడిది. 20,000 కావలెనని అర్జీ వ్రాసి నాకు చూపిరి. సూచన ఎన్ని గంటలకు మారునని అడిగితిని. ఆరు గంటలకు! అనగా దినమునకు 800 చాలును. కాని తుఫాను వేళ ఆ సంస్థయే గంట కొకసారి సూచన మార్చును. అప్పుడు 4,800 నిజముగానే కావలెను. ఆ లెక్కయంతయు చూపి, అక్టోబరునుండి డిసెంబరు వరకు మాత్రమే అడుగుచు అర్జీ తిరుగవ్రాసిరి.

పదునొకండవ దినమున జవాబు వచ్చినది: 4,000. తీరమునకు దగ్గరి 150 గ్రామములకు గంట కొకసారి, లోపలి 50 గ్రామములకు మూడు గంటల కొకసారి అడుగునట్లు ప్రోగ్రామును సర్దుకొనిరి. ఆ ఏబదింటిలో మా ఊరొకటి.